గోరీల తోటలో చరిత్ర పాఠం: బాలల క్షేత్రాధ్యయనానికి ఆధారంగా కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం

తెలుగులో మృతులకు కేటాయించిన చోటుకు పేర్లు చాలా ఉన్నాయి. శ్మశానం, వల్లకాడు, రుద్రభూమి, బొందలగడ్డ, గోరి, సమాధి, మక్బరా, ఖబరస్థాన్. ఇవి పర్యాయపదాలుగా కనిపిస్తాయి గాని వాడుకలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క భావచ్ఛాయ ఉంది. వల్లకాడు అన్నప్పుడు భయం, అశుచి, ఊరికి వెలుపల ఉండటం తోస్తాయి. సమాధి అన్నప్పుడు ఒక వ్యక్తి, ఒక పేరు, ఒక స్మృతి తోస్తాయి. గోరి అనే మాట పారసీకం నుంచి వచ్చినదే అయినా పల్లె నోట నలిగి తెలుగు మాటే అయిపోయింది. దహనసంస్కారం ప్రధానంగా ఉన్నచోట శ్మశానం పేర్లను దాచుకునే స్థలం కాదు, పేర్లను విడిచిపెట్టే స్థలం. ఖననం చేసే కులాలలో కూడా మృతుని పేరును, తేదీని రాతిపై చెక్కించే అలవాటు పూర్వం అరుదు. వీరగల్లులు, యతుల బృందావనాలు దీనికి కొంతవరకు మినహాయింపులు.

సాహిత్యం కూడా ఈ భావచ్ఛాయలనే బలపరిచింది. గౌరన హరిశ్చంద్ర కథ నుంచి రంగస్థల నాటకాల దాకా కాటిసీను తెలుగువారికి శోకానికీ పరీక్షకూ నిలయం. బేతాళకథల శ్మశానం భయానికి నెలవు. జాషువ ‘శ్మశానవాటి’ ఖండిక ఆ భయాన్ని తాత్త్వికమైన సమతాభావనగా మార్చింది. ఆ పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ప్రవేశించి ఊరూరా వినబడటం వల్లనే వాటికి అంత ప్రాచుర్యం వచ్చింది. అయితే భయమైనా, వైరాగ్యమైనా, రెండూ పెద్దల రసాలు. పిల్లలను అటువైపు పోవద్దనడమే ఆచారం. అందువల్ల చారిత్రకమైన సమాధిస్థలం చదువుకు పనికివచ్చే చోటు కాగలదన్న ఆలోచనకు తెలుగులో పెద్దగా సంప్రదాయం ఏర్పడలేదు. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణాన్ని ఆధారంగా తీసుకొని అటువంటి చదువుకు గల అవకాశాలను, ముఖ్యంగా అందులో తెలుగు బోధకుని పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లౌడన్ ఆలోచన

సమాధిస్థలాన్ని విద్యాస్థలంగా చూసిన ఆధునిక భావన పందొమ్మిదో శతాబ్ది ఐరోపాలో రూపు దిద్దుకొంది. కిక్కిరిసిన చర్చి ఆవరణల స్థానంలో ఊరి వెలుపల తోటల వంటి శ్మశానవాటికలు ఏర్పడ్డాయి. పారిస్‌లో పేర్ లషేజ్ 1804లో, లండన్‌లో కెన్సల్ గ్రీన్ 1833లో, అమెరికాలో బోస్టన్ దగ్గర మౌంట్ ఆబర్న్ 1831లో ప్రారంభమయ్యాయి. వీటిని ప్రోత్సహించినవి ప్రధానంగా ఆరోగ్య కారణాలే. కాని జాన్ క్లాడియస్ లౌడన్ అనే ఉద్యానశాస్త్రజ్ఞుడు 1843లో శ్మశానవాటికల నిర్మాణంపై వెలువరించిన గ్రంథంలో మరొక వాదన చేశాడు. చక్కగా తీర్చిన శ్మశానవాటిక సామాన్యులకు వాస్తువు, శిల్పం, వృక్షశాస్త్రం, తోటపని నేర్పగల బడి అవుతుందని ఆయన అభిప్రాయం. అంతకు మూడేళ్ల ముందే, 1840లో, లండన్‌లోని ఆబ్నీ పార్క్ శ్మశానవాటికలో లాడిజెస్ నర్సరీవారు దాదాపు 2,500 రకాల చెట్లూ పొదలూ నాటి, వాటికి పేర్ల పలకలు కట్టి, అక్షరక్రమంలో అమర్చారు. సమాధుల మధ్య నడిచేవాడు వృక్షనిఘంటువును తిరగేసినట్టే. నేడది స్థానిక ప్రకృతి రక్షితస్థలం. లండన్ తూర్పుభాగంలోని టవర్ హామ్లెట్స్ శ్మశానవాటిక 1966లో ఖననాలు ఆగిపోయాక అడవిగా పెరిగి, ఇప్పుడు బడిపిల్లలు పురుగులను, పూలను, రాతలను పరిశీలించే చోటయింది.

లౌడన్ తాను కోరుకున్నటువంటి తోటలోనే, కెన్సల్ గ్రీన్‌లో, 1843 డిసెంబరులో సమాధి అయ్యాడు. నలభై ఒక్క ఏళ్ల తరువాత, 1884 డిసెంబరులో, అదే వాటికలో మరొకరిని ఖననం చేశారు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమన పద్యాలను వెతికించి, తాళపత్రాలను కొనిపించి, నిఘంటువు కూర్చిన బ్రౌన్ సమాధి లండన్‌లో ఉన్నదని తెలుగు విద్యార్థులలో చాలామందికి తెలియదు. తెలుగు చదువుకు ఇంత చేసినవాని సమాధి చూసేందుకు వేల మైళ్లు పోవాలి, సరే. బస్సు ఎక్కి పోగల దూరంలో ఉన్నవాటి సంగతేమిటన్నది తరువాతి ప్రశ్న.

మూడు సమాధులు, రెండు మౌనాలు

గోలకొండ కోటకు వాయవ్యంగా, బంజారా దర్వాజాకు సుమారు కిలోమీటరు దూరంలో, ఇబ్రహీంబాగ్ అని పిలిచే ప్రాంతంలో, దాదాపు 106 ఎకరాలలో కుతుబ్‌షాహీ వంశంవారి సమాధులు ఉన్నాయి. ఒక రాజవంశంవారు ఇంతమంది ఒకేచోట సమాధి కావడం భారతదేశంలో అరుదు. రాజులతోపాటు రాణులు, రాజకుమారులు, సేనానులు, వైద్యులు కూడా ఇక్కడ ఉన్నారు. మసీదులు, దిగుడుబావులు, మృతదేహానికి చివరి స్నానం చేయించే హమాము ఉన్నాయి. 2013 నుంచి దశాబ్దానికి పైగా ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి ఇక్కడ పునరుద్ధరణ జరిపాయి. గోలకొండ దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది.

సాధారణ విహారయాత్రలో పిల్లలకు ఇక్కడ చెప్పేది రాజుల వరుస, గుమ్మటాల ఎత్తు. మహమ్మద్ కులీ సమాధి సుమారు 42 మీటర్ల ఎత్తున్నదని పిల్లవాడు నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఆ సంఖ్య తప్పు కాదు, కాని దాన్ని తెలుసుకోవడానికి అక్కడికి రానవసరం లేదు. అక్కడికి వస్తే తప్ప తెలియనిది వేరే ఉంది.

సుల్తాన్ కులీ, ఆయన కుమారుడు జంషీద్, మనుమడు సుభాన్ — ఈ ముగ్గురి సమాధులనూ కలిపి చూస్తే ఒక కథ బయటపడుతుంది. వంశస్థాపకుడైన సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. హత్య వెనుక జంషీద్ ప్రేరణ ఉన్నదని చరిత్రకారులు రాశారు. సుల్తాన్ కులీ సమాధిపై శాసనం ఉంది. అందులో ఆయనకు ప్రజలు వాడిన ‘బడే మాలిక్’ అన్న పిలుపు కూడా చేరింది. సింహాసనబిరుదుల పక్కన జనం నోటి పిలుపుకు చోటు దొరకడం గమనింపదగినది. జంషీద్ సమాధి అష్టభుజాకారంలో రెండంతస్తులుగా, మిగిలినవాటికి భిన్నంగా నిలిచింది. కాని దానిపై శాసనం లేదు. 1550లో జంషీద్ మరణించాక సుమారు ఏడేళ్ల వయసులో గద్దెనెక్కి కొన్ని నెలలకే దాన్ని పోగొట్టుకున్న సుభాన్ సమాధికీ శాసనం లేదు. స్థానికులు దాన్ని ‘ఛోటా మాలిక్’ అంటారు.

రెండో తరగతి పిల్లవాని వయసులో రాజయినవాని సమాధి ముందు నిలబడ్డ పిల్లలకు ఉపాధ్యాయుడు ప్రత్యేకంగా ఏమీ చెప్పనక్కరలేదు. ప్రశ్నలు వాళ్లే వేస్తారు. రాతలు లేనప్పుడు ఇది అతనిదేనని ఎలా తెలిసింది? తాతకు రాసినప్పుడు మనుమనికి ఎందుకు రాయలేదు? తండ్రి చేసిన పనికి కొడుకు పేరు పోయిందా? వీటిలో కొన్నింటికి సమాధానం లేదు. లేదన్నది కూడా చరిత్ర పాఠమే. శాసనం ఒక సాక్ష్యం, జనశ్రుతి మరొక సాక్ష్యం, మౌనం మూడో సాక్ష్యం. ఈ మూడింటికీ బలంలో భేదముందన్న సంగతి, పరిశోధకులు పట్టభద్రులయ్యాక నేర్చుకునే సంగతి, పన్నెండేళ్ల పిల్లవానికి మూడు రాతికట్టడాల మధ్య తిరగడంతో పట్టుబడుతుంది.

తేదీల లెక్క మరొక అభ్యాసం. సుల్తాన్ కులీ మరణసంవత్సరం హిజ్రీ 950. చాంద్రమానం కాబట్టి హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే. 950ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం 1543 వస్తుంది. అందులోంచి 78 తీసివేస్తే శాలివాహన శకం 1465. అరవై సంవత్సరాల చక్రంలో అది శోభకృత్తు. ఒకే మరణాన్ని మూడు కాలగణనలలో, నాలుగు పేర్లతో రాయవచ్చునని తెలిసిన పిల్లవానికి తెలుగు శాసనాలలోని తేదీలు తరువాత ఎప్పుడు ఎదురైనా బెదురు పుట్టదు. పైగా ఇది లెక్కల మాస్టారిని కూడా వెంట తీసుకుపోవలసిన పని.

మల్కిభరాముని ముందు

తెలుగు శాఖలకు ఈ ప్రాంగణంతో ఉన్న సంబంధం ఇబ్రహీం కుతుబ్‌షా దగ్గర స్పష్టమవుతుంది. అన్న జంషీద్ పాలనలో ప్రాణభయంతో విజయనగరానికి పోయి అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్లు గడిపిన ఇబ్రహీం, 1550లో తిరిగివచ్చి, 1580 వరకు పాలించాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెం గ్రామాన్ని ఇచ్చాడన్నది సాహిత్యచరిత్రలలో ప్రసిద్ధం. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ ఆయన పాలనలో ఉన్న పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్‌ఖానుకు అంకితమయింది. సంస్కృతపదం లేని కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు పారసీకం పాలనాభాషగా ఉన్న రాజ్యపు అధికారి కావడం సాహిత్యచరిత్రలో ఎంతోకాలంగా చర్చకు వస్తున్న విషయం.

ఈ సంగతులు తెలుగు ఎం.ఏ. విద్యార్థికి కంఠస్థం. కాని మల్కిభరాముడన్న పేరును కావ్యావతారికలో చదివినవారిలో ఆ పేరు గలవాని సమాధి ముందు నిలిచినవారు ఎందరు? అక్కడికి వచ్చే పర్యాటకులలో ఆ సమాధిలో ఉన్నవాడు తెలుగు కావ్యానికి కృతిభర్త అని తెలిసినవారు ఎందరు? గ్రంథం తెలుగు శాఖకు, కట్టడం పురావస్తు శాఖకు, చెట్టు వృక్షశాస్త్ర శాఖకు పంచిపెట్టడం వల్ల వచ్చిన నష్టం ఇది. పెద్దలు దీన్ని పరిశోధనాంశంగా పూరించుకోగలరు. పిల్లల విషయంలో నష్టం వేరు. సమాధిపై తమకు తెలియని లిపి కనిపించగానే ఇది మనది కాదు అన్న నిర్ణయం వారి మనస్సులో మాటలేకుండా జరిగిపోతుంది. ఆ నిర్ణయాన్ని ఉపన్యాసంతో మార్చలేం. పేరుతో మార్చవచ్చు.

మలిక్ ఇబ్రహీం తెలుగునోట మల్కిభరాముడు కావడం ధ్వనిపరిణామానికి చక్కని ఉదాహరణ. ఇబ్రహీం ఇభరాముడయ్యాడు. ఇభం అంటే ఏనుగు, రాముడు సరేసరి. అన్యభాషానామం తెలుగులోకి వచ్చేటప్పుడు అర్థవంతమైన తత్సమశబ్దాల తొడుగు తొడుక్కొంది. కొడుకు పేరులోని ఈ ‘మల్కి’కీ, తండ్రి సమాధిపై చూసిన ‘బడే మాలిక్’కూ చుట్టరికం ఉందని పిల్లలు తామే గుర్తించేటట్టు చేయవచ్చు. ఆరో తరగతి పిల్లలు తమ తరగతిలోని పేర్లు ఇళ్లలో ఎలా మారి పలుకుతాయో చెప్పగలరు. సాయిబుల పిల్లవాని పేరును అమ్మమ్మ ఎలా పిలుస్తుందో, క్రైస్తవ మిత్రుని పేరును తాత ఎలా పలుకుతాడో వారికి తెలుసు. నాలుగు వందల ఏళ్ల క్రితపు కవి చేసిందీ అదేనని తెలిసినప్పుడు వ్యాకరణం వారికి దగ్గరవుతుంది.

ఇక్కడ హైదరాబాదు బడులకు ఒక ప్రత్యేకసౌకర్యం ఉంది. నగరంలో ఉర్దూ చదవగల పిల్లలు వేలల్లో ఉన్నారు. సమాధులపై లిపి అలంకారప్రాయమైన నస్ఖ్, సుల్స్ శైలులలో ఉండటం వల్ల, భాష అరబ్బీ, పారసీకాలు కావడం వల్ల వారికి కూడా పూర్తిగా చదవడం సాధ్యం కాదు. అయినా కొన్ని అక్షరాలను, పేర్లను, అంకెలను పోల్చుకోగలరు. తెలుగు మాధ్యమపు పిల్లవానినీ ఉర్దూ మాధ్యమపు పిల్లవానినీ జతగా చేసి ఒక శాసనం ముందు నిలిపితే, మొదటివానికి రెండోవాడు గురువవుతాడు. గంట తరువాత మల్కిభరాముని కథ చెప్పేటప్పుడు గురుశిష్యులు తారుమారవుతారు. రాజభాష, ప్రజాభాష అని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం ఇక్కడ ఇద్దరు పిల్లల మధ్య వ్యవహారంగా నడుస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల నుంచి జనజీవితాన్ని వెలికితీశాడు. ఆ దారినే అటునుంచి ఇటు నడిచి, రాయి నుంచి కావ్యానికి చేరడం బాలలకు సులువైన మార్గం.

ఇబ్రహీం సమాధి బయటిగోడలపై ఒకప్పటి రంగుపెంకుల అవశేషాలు కనిపిస్తాయి. నేడు బూడిదరంగులో గంభీరంగా తోచే కట్టడం నాడు రంగురంగులుగా ఉండేదని ఆ కొద్దిపాటి ముక్కలు చెబుతాయి. పిల్లలు రంగుపెన్సిళ్లతో గోడను పూరించే పని ఇష్టంగా చేస్తారు. ఏ భాగం చూసి వేశారు, ఏ భాగం ఊహించి వేశారు అన్నది వేర్వేరుగా గుర్తుపెట్టమనడం ఒక్కటే ఉపాధ్యాయుడు చేయవలసింది. పాఠపరిష్కర్త తాళపత్రంలో శిథిలమైన అక్షరాలను కుండలీకరణాలలో పూరించడం వంటిదే ఇది.

రాయి, సున్నం, రావి మొక్క

ప్రకృతిపాఠం ఇక్కడ చరిత్రపాఠానికి అనుబంధం కాదు, దాని రెండో ముఖం. కట్టడాల కింది నేల, చుట్టూ గుట్టలు గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి ఈ శిల ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా ఊడుతూ గుండ్రబారుతుంది. సమాధులపై పరచిన నల్లరాయి వేరు. శాణపట్టిన దాని నునుపు చేతికి తెలుస్తుంది, చూపుకు అద్దంలా మెరుస్తుంది. రాజు మీద నల్లరాయి, గోడలో గ్రానైటు, గోడపై సున్నం. ఏది ఎక్కడ, ఎందుకు అన్న ప్రశ్నకు కాఠిన్యం, లభ్యత, హోదా మూడూ సమాధానంలోకి వస్తాయి.

సున్నానిది ప్రత్యేకమైన కథ. గానుగలో నూరిన డంగుసున్నం గాలి పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది, తేమను లోపలికి రానిచ్చి మళ్లీ బయటికి వదులుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతులకు వాడిన సిమెంటు తేమను లోపలే బంధించి పాతగోడకు హాని చేస్తుంది. అందుకే పునరుద్ధరణలో సిమెంటు పొరలను తొలగించి తిరిగి సున్నం వాడారు. కొత్తది ఎప్పుడూ మేలన్న నమ్మకాన్ని ప్రశ్నించడానికి రసాయనశాస్త్రపాఠంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పాతరాళ్లపై తెల్లగా, పచ్చగా, నారింజరంగులో మచ్చల్లా పెరిగేది లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం అది. దాని జాతిలోనిదే ఒకటి కిరాణాకొట్టులో రాతిపువ్వు పేరుతో మసాలాదినుసుగా అమ్ముడవుతుంది. వంటింట్లో తెలిసిన వస్తువుకూ సమాధి మీద మచ్చకూ బంధుత్వం ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలలో కలిగే ఆశ్చర్యమే పాఠానికి సగం బలం. బడులు తెరిచే జూన్‌లో, మృగశిర దాటి ఆరుద్ర కార్తె ప్రవేశించేనాటికి, తొలివానకు తడిసిన గడ్డినేలల్లో మఖమల్ ఎరుపుతో ఆరుద్రపురుగు కనిపిస్తుంది. పురుగుల మందులూ, కాంక్రీటూ లేని పాతనేలలే ఇటువంటి జీవులకు ఆశ్రయం. ఊరు పెరిగేకొద్దీ చెదరని నేల అంటూ మిగిలేది సమాధిస్థలాలలోనే కావడం లండన్‌కూ హైదరాబాదుకూ సమానమైన విషయం. తవ్వరాదన్న నిషేధం మృతుల కోసం ఏర్పడి మొక్కలకు మేలు చేసింది.

ఇక రావి. పక్షి పండు తిని గుమ్మటం మీద వాలి విసర్జించిన గింజ సున్నపు బీటలో మొలకెత్తుతుంది. వేరు తేమను వెతుక్కుంటూ రాళ్ల మధ్యకు పోతుంది, లావెక్కుతూ రాళ్లను ఎడం చేస్తుంది. కట్టడాన్ని కాపాడాలంటే మొక్కను పీకాలి. ప్రకృతిని ప్రేమించమని చెప్పిన ఉపాధ్యాయుడే ఇక్కడ మొక్కను పీకమనవలసి వస్తుంది. పైగా పవిత్రవృక్షం. ఈ సంకటాన్ని దాటవేయడం కంటే పిల్లల ముందు పెట్టడమే మంచిది. చిన్నప్పుడే తీస్తే వేరుతో వస్తుంది, పెద్దయ్యాక కోస్తే వేరు లోపల మిగిలి మళ్లీ చిగురిస్తుంది, లాగితే గోడ కూడా వెంట వస్తుంది. కనుక పరిరక్షణ అంటే ఏటా కళ్లు తెరుచుకొని చేసే చిన్నపని అని వారికి తెలుస్తుంది. అక్కడికి దగ్గరలోని నయాఖిల్లాలో ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ మహావృక్షం ఉంది. దాన్ని ‘ఏనుగు చెట్టు’ అన్న అర్థం వచ్చే ఉర్దూ మాటతో స్థానికులు పిలుస్తారు. చెట్టు కూడా వలస వచ్చి ఇక్కడి పేరు పెట్టించుకున్నదన్న సంగతి, మల్కిభరాముని పేరు గురించి విన్న పిల్లలకు వెంటనే అందుతుంది.

చెప్పదగినది, చెప్పరానిది

ఈ ప్రయత్నానికి ఇబ్బందులు లేకపోలేదు. మొదటిది మరణం. తాతనో, తండ్రినో ఇటీవలే పోగొట్టుకున్న పిల్లలు ఏ తరగతిలోనైనా ఒకరిద్దరు ఉంటారు. వారి సంగతి ముందే తెలుసుకోకుండా బయలుదేరడం నిర్లక్ష్యం. అయితే మరణాన్ని అసలు ప్రస్తావించకుండా సమాధుల మధ్య తిప్పడం అంతకంటే పెద్ద కపటం. దేహాన్ని కడిగి సిద్ధం చేసిన హమాము ముందు నిలిచి, మట్టి గొట్టాల గుండా నీరు ఎలా పారేదో వివరిస్తూ, ఇది ఎవరి కోసం అన్న ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పాలి. ఇళ్లలో చావు చూసిన పిల్లలు స్నానం, వస్త్రం, మోసుకుపోవడం గురించి తమ ఇంటి పద్ధతి చెబుతారు. మతాలు వేరైనా చివరి స్నానం అందరికీ ఉందన్న మాట వారి నోటే వస్తుంది.

రెండోది మర్యాద. ఇవి చారిత్రక కట్టడాలే అయినా మనుషుల సమాధులు. వాటిపైకి ఎక్కడం, కూర్చోవడం, వాటికి ఆనుకొని ఫొటోలు దిగడం కూడదని ముందే చెప్పడం అవసరం. ఐరోపా, అమెరికాలలో సమాధిఫలకంపై కాగితం పరచి మైనంతో రుద్ది అచ్చు తీసే అలవాటు ఒకప్పుడు బడిపిల్లల అభ్యాసాలలో ఉండేది. రాళ్లు అరిగిపోతున్నాయని చాలాచోట్ల దాన్ని నిషేధించారు. శాసనాల ముద్ర తీయడం శిక్షణ పొందినవారి పని. పిల్లలు కంటితో చూసి చేతితో గీసుకుంటే చాలు. గీసేటప్పుడు కన్ను చేసే శ్రమ ముద్ర తీయడంలో ఉండదు.

మూడోది పాఠశాల వ్యవస్థ. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005 బడి వెలుపలి జీవితంతో జ్ఞానాన్ని అనుసంధానించడాన్ని తన మొదటి సూత్రంగా పెట్టుకొంది. ఆచరణలో ఆ అనుసంధానం ఏడాదికొక బస్సు ప్రయాణంగా, ఒక పూటలో నాలుగు స్థలాలు చుట్టిరావడంగా మిగిలింది. ఒకే ప్రాంగణానికి వానకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి పోవడం వల్ల కలిగే లాభం నాలుగు కొత్త స్థలాలు చూడటం వల్ల కలగదు. గోలకొండ, టోలిచౌకి ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలలకు ఇది నడకదూరంలోని విషయం. ఖర్చు సాకు అక్కడ చెల్లదు.

లేని సమాధులు

ఈ ప్రాంగణంలో పిల్లలు తప్పక వెతికే సమాధులు రెండు. రెండూ అక్కడ లేవు.

తెలుగు పిల్లలందరికీ తెలిసిన గోలకొండ రాజు ఒక్కడే, తానీషా. భద్రాచలం రామదాసు కథ వల్ల, కీర్తనల వల్ల, సినిమాల వల్ల ఆ పేరు ఇంటింటా ఉంది. ఇంతమంది రాజులున్నచోట ఆయన ఏడీ అన్నది మొదటి అరగంటలోనే వచ్చే ప్రశ్న. 1687లో గోలకొండ మొగలుల వశమైనప్పుడు అబుల్ హసన్ తానీషాను బందీగా దౌలతాబాదుకు తీసుకుపోయారు. అక్కడే మరణించాడు. సమాధి దగ్గరలోని ఖుల్దాబాదులో ఉంది. ఆయనను ఓడించిన ఔరంగజేబు సమాధి కూడా ఆ ఖుల్దాబాదులోనే ఉంది. రాజ్యం పోవడమంటే ఏమిటో ఏ యుద్ధవర్ణనా ఇంత సూటిగా చెప్పదు. తన ముందటి రాజుల పక్కన చోటు దక్కలేదన్న మాట పిల్లలకు వెంటనే అర్థమవుతుంది, తమ ఇళ్లలో కూడా చావుకు ఊరు చేర్చడం గురించి పెద్దలు మాట్లాడుకోవడం వారు విని ఉంటారు కాబట్టి. రామదాసు కథలో దైవదర్శనం పొందిన తానీషా, పారసీక చరిత్రల అబుల్ హసన్, ఖుల్దాబాదు సమాధిలోని బందీ — ఈ మువ్వురూ ఒకరే. ఏ కథ ఏ అవసరం కోసం పుట్టిందో చర్చించడానికి ఎనిమిదో తరగతి విద్యార్థులు చాలినవారు.

రెండో సమాధి భాగమతిది. నగరానికి ఆమె పేరే మొదట పెట్టారన్న కథ విననివారు ఉండరు. మహమ్మద్ కులీ సమాధి ఉంది, ఆయన కుమార్తె హయాత్ బక్షీ బేగం సమాధి ఉంది, నర్తకీమణులుగా చెప్పుకునే ప్రేమామతి, తారామతుల పేర సమాధులు ఉన్నాయి. భాగమతి సమాధి లేదు. కుతుబ్‌షాహీ చరిత్రను విస్తారంగా రాసిన హరూన్ ఖాన్ షేర్వాణీ ఆమె చారిత్రకవ్యక్తి అన్న విషయాన్నే అంగీకరించలేదు. మరికొందరు చరిత్రకారులు అంగీకరించారు. సమాధి లేకపోవడం మనిషి లేకపోవడానికి రుజువు కాదు, తానీషా విషయంలో పిల్లలు ఆ సంగతి అప్పుడే చూశారు. అలాగని కథ ఉండటం మనిషి ఉండటానికీ రుజువు కాదు. తానీషా లేకపోవడానికి కారణం తెలుసు, ఆయన ఎక్కడున్నాడో తెలుసు. భాగమతి విషయంలో ఆ రెండూ తెలియవు. ఈ రెండు లేమిలకూ ఉన్న తేడాను పిల్లలు తమ మాటల్లో రాయగలిగితే, ఆ రాతను తెలుగు పరీక్షలో వ్యాసంగా, చరిత్ర పరీక్షలో జవాబుగా రెండుచోట్లా అంగీకరించవలసి ఉంటుంది. ప్రస్తుతం ఏ ప్రశ్నపత్రంలోనూ దానికి చోటు లేదు.